ఎక్కిందెక్కడ, పడిందెక్కడ?

దసరా సెలవుల్లో మా ఇంటి పైగదిలో ఒక మోడల్ రైలు ఒకే చోట పదకొండు సార్లు పట్టాలు తప్పింది. అన్నిసార్లూ అదే మూడో పెట్టె, అదే పాయింట్. పదకొండోసారి నాకు ఓపిక అయిపోయింది. "తాతా, నీకు కండ్లు సరిగ్గ కనిపిస్తలేవు. పాయింట్ వంకర పెట్టినవ్" అనేశాను. తాత ఏమీ మాట్లాడలేదు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమ్యాన్‌గా రిటైరయ్యాడు. కీమ్యాన్ అంటే తెలియనివాళ్ల కోసం: రోజూ తన బీట్‌లో పట్టాల వెంట నడుస్తూ, ఊడిన కీలు, వదులైన బోల్టులు, పగుళ్లు చూసుకుంటూ పోయే మనిషి. కాజీపేట సెక్షన్‌లో ఏళ్ల తరబడి అలా నడిచిన మనిషితో నేను అన్న మాట అది. పైగా తాతకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా మిగిలే ఉంది. అది తెలిసే అన్నాను.

పెట్టె పడింది నిజంగా ఆ పాయింట్ దగ్గరే. తప్పు మాత్రం అక్కడ లేదు. అది కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో తెలిసింది ఇక్కడ రాస్తున్నా. మీలో ఎంతమందికి మోడల్ రైలు ఉందో తెలీదు కానీ, కోడ్ డీబగ్ చెయ్యని వాళ్లయితే మన కాలేజీలో ఎవరూ లేరు కదా. చదవండి, పనికొస్తుంది.

మా లేఅవుట్ ఇదీ

ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు మీద ఒక ఓవల్, లోపలికి ఒక సైడింగ్, రెండు పాయింట్లు. ఒక డీజిల్ ఇంజన్, ఐదు నీలం ఐసీఎఫ్ పెట్టెలు. స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు.

మొదటిసారి పట్టాలు పరిచినప్పుడు తాత చూసి "గిదేంది, మీటర్ గేజ్ లెక్కున్నది" అన్నాడు. నేను నవ్వాను కానీ లెక్క వేస్తే ఆయన చెప్పిందే కరెక్ట్. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 రావాలి. హెచ్‌ఓ వాళ్లు పెట్టుకున్న 16.5 యూరప్, అమెరికాల్లో ఉండే 1435 గేజ్‌కి సరిపోయే లెక్క. మన పెట్టెలు ఆ పట్టాల మీద నిలబడితే కొంచెం సన్నటి కాళ్ల మీద లావు మనిషిలా ఉంటాయి. ఆ తేడా తాత కంటికి ఒక్క చూపులో దొరికింది. అదే కంటి గురించి నేను తర్వాత అలా అన్నాను.

ఇంకో మాట. మనం తెలుగులో బోగీ అంటే మొత్తం పెట్టె. రైల్వేలో బోగీ అంటే పెట్టె కింద నాలుగు చక్రాలతో తిరిగే ఫ్రేమ్ మాత్రమే. ఒక్కో పెట్టెకి అలాంటివి రెండుంటాయి. ఈ ఆర్టికల్ అంతా నేను రైల్వే అర్థంలోనే వాడుతున్నా, కన్ఫ్యూజ్ అవ్వకండి.

చక్రం పట్టా ఎందుకు దిగుతుంది?

చక్రానికి లోపలి వైపు ఒక అంచు ఉంటుంది, దాన్నే ఫ్లాంజ్ అంటారు. చక్రం పక్కకి జారకుండా ఆపేది అదే. హెచ్‌ఓలో మామూలుగా వాడే చక్రాలకి ఈ అంచు లోతు 0.64 మిల్లీమీటర్లు. అంటే మన రైలు మొత్తం ఒక మిల్లీమీటరు కూడా లేని గోడని నమ్ముకుని తిరుగుతోంది.

చక్రం మీద రెండు బలాలు పనిచేస్తాయి. బరువు కిందికి నొక్కుతుంది, వంపు పక్కకి తోస్తుంది. పక్కకి తోసే బలం మరీ ఎక్కువైనా, కిందికి నొక్కేది మరీ తక్కువైనా ఫ్లాంజ్ పట్టాని గీరుకుంటూ పైకెక్కేస్తుంది. అసలు రైల్వేలో ఇంజనీర్లు కూడా ఈ రెండిటి నిష్పత్తినే చూస్తారు. కాబట్టి కారణాలు ఎన్ని ఉన్నా మూడు గుంపుల్లోకి వచ్చేస్తాయి: బరువు చాలకపోవడం లేదా ఒక చక్రం గాల్లోకి లేవడం, పక్కకి లాగుడు పెరగడం, ఫ్లాంజ్ ఎక్కడానికి ఏదో ఒక మెట్టు దొరకడం.

మోడల్స్‌లో ఇది ఎందుకంత తరచుగా జరుగుతుందో చూడండి. మా వంపు రేడియస్ 22 అంగుళాలు, అంటే 559 మిల్లీమీటర్లు. నాలుగడుగుల వెడల్పులో దాదాపు అంతకంటే పెద్దది పట్టదు. దాన్ని 87తో గుణిస్తే 49 మీటర్లు కూడా రాదు. మన బ్రాడ్ గేజ్ లైన్లలో అనుమతించే అతి బిగువైన వంపే 175 మీటర్లు. అసలు రైలు కలలో కూడా తిరగని మలుపులో మనం రోజూ తిప్పుతున్నాం.

ముందు చెయ్యి పెట్టకండి

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. రైలు పడగానే పెట్టెని ఎత్తి మళ్లీ పట్టాల మీద పెట్టేసేదాన్ని. పదకొండు సార్లు అలా చేశా. అంటే పదకొండు సార్లు సాక్ష్యాన్ని నేనే చెరిపేశా. ప్రోగ్రామ్ క్రాష్ అయితే ఎర్రర్ మెసేజ్ చదవకుండా మళ్లీ రన్ కొట్టడం లాంటిది. ల్యాబ్‌లో మనం చెయ్యమా ఏంటి!

తాత కిందికి వెళ్లిపోయాక నేను కోపంతో ఆ పాయింట్ పీకేసి మళ్లీ పెట్టా. పన్నెండోసారి కూడా రైలు అక్కడే పడింది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు తాత నా వైపు చూడకుండానే అన్నాడు: "పడ్డకాడ ఏం జూస్తవ్ బిడ్డా. ఎక్కినకాడ జూడాలె."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. నిజం రైలు పట్టాలు తప్పినప్పుడు, చక్రం పైకెక్కిన చోటు ఒకటి, కింద పడిన చోటు ఇంకొకటి ఉంటాయట. ఎక్కాక ఫ్లాంజ్ పట్టా తల మీద కొంత దూరం నడుస్తుంది. అక్కడ ఒక గీత పడుతుంది. విచారణకి వచ్చినవాళ్లు ముందు ఆ గీత ఎక్కడ మొదలైందో వెతుకుతారు. స్లీపర్లు పగిలి, కంకర చెదిరి భీభత్సంగా కనిపించేది పడిన చోటు. తప్పు దొరికేది ఎక్కిన చోటు. రైల్వేలో వీటికి పేర్లు కూడా ఉన్నాయి, పాయింట్ ఆఫ్ మౌంట్, పాయింట్ ఆఫ్ డ్రాప్ అని.

నాకు వెంటనే నల్ పాయింటర్ గుర్తొచ్చింది. ఎర్రర్ చూపించేది నలభయ్యో లైను. ఆ వేరియబుల్‌లో చెత్త పడింది పన్నెండో లైన్లో. మనం నలభయ్యో లైనుని తిడుతూ కూర్చుంటాం.

ఫోనే సాక్షి

మోడల్ పెట్టె బరువుకి పట్టా మీద గీత పడదు. దాని బదులు మనకి ఫోన్ ఉంది. మర్నాడు పొద్దున ఫోన్‌ని పట్టా ఎత్తులో పడుకోబెట్టి స్లో మోషన్‌లో తీశా. అదే పాయింట్‌కి గురిపెట్టకుండా, దానికి రెండడుగుల ముందు నుంచి కవరయ్యేలా పెట్టా.

వీడియోలో స్పష్టంగా కనిపించింది. మూడో పెట్టె ముందు బోగీలో మొదటి చక్రం పాయింట్‌కి దాదాపు అడుగు ముందే, వంపు చివర్లో ఉన్న జాయింట్ దగ్గర పైకెక్కింది. ఎక్కి, పట్టా తల మీద బుద్ధిగా నడుచుకుంటూ వచ్చి, పాయింట్ దగ్గర పట్టా రెండుగా చీలేచోట కింద పడింది. పాయింట్ నిర్దోషి.

ఎవరు, ఎక్కడ?

ఇప్పుడు నోట్‌బుక్ తీశా. ప్రతి రౌండ్‌కి ఐదు విషయాలు రాశా: ఏ పెట్టె, ఏ చక్రం, ఎక్కడ ఎక్కింది, ఏ దిక్కుగా, ఎంత స్పీడు. లాగుతుంటే పడిందా, వెనక్కి తోస్తుంటే పడిందా అనేది కూడా రాసుకోండి, తోసేటప్పుడు కప్లింగ్‌లు పెట్టెల్ని పక్కకి నెడతాయి.

పది రౌండ్లు రాస్తే చాలు, మూడింటిలో ఒకటి తేలుతుంది.

చాలా పెట్టెలు ఒకే చోట పడుతుంటే అనుమానం పట్టా మీద. ఒకే పెట్టె చాలా చోట్ల పడుతుంటే అనుమానం పెట్టె మీద. ఒకే పెట్టె ఒకే చోట పడుతుంటే రెండింటిలోనూ కొంచెం కొంచెం తేడా ఉన్నట్టు. విడివిడిగా ఏదీ రైలుని పడెయ్యదు, కలిస్తే పడేస్తుంది. మాది మూడో రకం, అన్నిటికంటే చిరాకు పెట్టేది.

దీనికి మందు మార్పిడి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదట పెట్టెని ముందు వెనకలు తిప్పి పెట్టా. ఇప్పుడు ఎక్కింది వెనక బోగీ, అంటే ముందు ముందున్న అదే బోగీ. తర్వాత ఆ బోగీని విప్పి నాలుగో పెట్టెకి బిగించా. మూడో పెట్టె హాయిగా తిరిగింది, నాలుగోది పడింది. అంటే తప్పు ఆ బోగీలోనే ఉంది. రెండు మార్పులు ఒకేసారి చేసుంటే ఈ సంగతి ఎప్పటికీ తేలేది కాదు.

పట్టా చూసే పద్ధతి

బోగీ దొరికింది కదా అని పట్టాని వదిలెయ్యకూడదు. నేను చూసిన ఆర్డర్ ఇది.

ముందు గోరు. జాయింట్ మీద పట్టా లోపలి అంచు వెంట గోరు జార్చండి. గోరు తట్టుకుంటే ఫ్లాంజ్ కూడా తట్టుకుంటుంది. సన్నటి ఆకురాయితో ఆ అంచు కొంచెం వాలుగా రుద్దితే చాలు. రెండో పట్టా కొన జాయినర్‌లోకి దూరకుండా దాని పైకెక్కి కూర్చుందేమో కూడా చూడండి, చాలా మామూలుగా జరుగుతుంది.

తర్వాత కన్ను. తల వంచి పట్టా ఎత్తులో, పట్టా వెంట చూడండి. పైనుంచి చూస్తే కనిపించని వంకర అలా చూస్తే వెంటనే కనిపిస్తుంది. వంపులో జాయింట్ వస్తే పట్టా కొనలు నిటారుగా అవ్వాలని చూస్తాయి, అక్కడ మోకాలిలా ఒక మడత వస్తుంది. ఫ్లెక్సిబుల్ ట్రాక్ వాడేవాళ్లు రెండు ముక్కల్ని నిటారుగా ఉన్నప్పుడే సోల్డర్ చేసి, ఆ తర్వాత వంచితే ఈ గొడవ ఉండదు. అన్ని జాయింట్లూ సోల్డర్ చెయ్యకండి, నిటారు భాగాల్లో సన్నటి గ్యాప్ వదలండి. వానాకాలం, ఎండాకాలం మధ్య ప్లైవుడ్ కదులుతూనే ఉంటుంది.

తర్వాత గేజ్. 16.5 కంటే తగ్గిందంటే చక్రాలు బిగుసుకుని పైకి లేస్తాయి. వంపులో కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదు, అర మిల్లీమీటరు దాటకూడదు.

తర్వాత మెలి. ఒక పట్టా రెండోదాని కంటే హఠాత్తుగా కిందికి దిగితే నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటుంది. గాల్లో ఉన్న చక్రానికి ఫ్లాంజ్ ఉన్నా లేనట్టే.

చివరికి పాయింట్. పక్కకి జరిగే టంగ్ రైల్ పూర్తిగా అతుక్కుంటోందా? మధ్యలో ఒక్క కంకర గింజ, ఎండిన జిగురు చుక్క ఉన్నా చక్రం సందులోకి దూరిపోతుంది. క్రాసింగ్ ముక్కుకి ఎదురుగా ఉండే చెక్ రైల్ సందులో చెత్త లేదు కదా?

పెట్టె చూసే పద్ధతి

అన్నిటికంటే ముందు రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. హెచ్‌ఓలో ఇది సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే పాయింట్‌లో చెక్ రైల్‌ని పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కువైతే ఫ్లాంజ్ వెళ్లి క్రాసింగ్ ముక్కుని కొడుతుంది, వంపుల్లో రెండు పట్టాల మధ్య ఇరుక్కుంటుంది. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్ ఎందుకు నేర్పారో నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత బోగీ స్క్రూలు. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, నాలుగు కాళ్లది ఊగుతుంది. అదే సూత్రం ఇక్కడా. ఒక బోగీ స్క్రూ అటూ ఇటూ తిరిగేంత మాత్రమే వదులుగా ఉంచి, రెండో బోగీ స్క్రూ పక్కలకి కొంచెం ఊగేలా ఇంకాస్త వదలండి. రెండూ గట్టిగా బిగిస్తే పెట్టె చెక్క ముక్క అయిపోతుంది, చిన్న మెలి వచ్చినా ఒక చక్రం లేస్తుంది.

తర్వాత బరువు. అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్ఎంఆర్ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ పెట్టెకి ఒక ఔన్సు, దాని మీద పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున ఉండాలి. మా ఐసీఎఫ్ పెట్టె 245 మిల్లీమీటర్లు, అంటే సుమారు 9.6 అంగుళాలు. గ్రాముల్లో 160కి పైనే రావాలి. వంటింటి త్రాసు మీద పెడితే 118 చూపించింది. తమాషా ఏంటంటే, 40 టన్నుల అసలు పెట్టెని 87 క్యూబ్‌తో భాగిస్తే సుమారు 60 గ్రాములే వస్తుంది. స్కేలు ప్రకారం మాది ఎక్కువ బరువే, కానీ అంత బిగువైన వంపుల్లో అది చాలదు. ఇనుప నట్లని పెట్టె నేల మీద, వీలైనంత కింద, రెండు వైపులా సమానంగా అతికించాం. పైకప్పు దగ్గర అతికిస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. అన్ని పెట్టెలకీ సమానంగా పెంచండి. ముందు తేలిక పెట్టె, వెనక బరువు పెట్టెలు ఉంటే వంపులో తేలికదాన్ని లోపలికి లాగి పడేస్తాయి.

చివరికి పొడవు. వంపు రేడియస్ పెట్టె పొడవుకి మూడు రెట్లుంటే నిశ్చింత, రెండున్నర రెట్లుంటే చాలావరకు నడుస్తాయి, రెండు రెట్లంటే కష్టం. మాది 2.3 రెట్లు. అంటే మేము ఎప్పుడూ అంచు మీదే నడుస్తున్నాం, చిన్న తప్పు కూడా క్షమించదు. అటు వంపు నుంచి నేరుగా ఇటు వంపులోకి తిప్పే ఎస్ ఆకారం ఉంటే, మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు నిటారు పట్టా వెయ్యండి.

దొంగ దొరికింది

ఆ బోగీలో మొదటి చక్రాల జత కొలిచా. 14.9. మళ్లీ కొలిచా. 14.9.

మిగతావన్నీ 14.4 దగ్గర్లోనే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఆ బోగీకి ప్లాస్టిక్ చక్రాలు తీసేసి ఇనుప చక్రాలు వేసింది నేనే. ఒక చక్రం వదులుగా ఉందని తీసి, మళ్లీ చేత్తో నొక్కి పెట్టా. కొలవలేదు. పైగా స్క్రూ కూడా గట్టిగా బిగించా, ఊడిపోకూడదని.

ఇరుసుకి రెండు వైపులా ఫ్లాంజ్‌ల మందం కలిపితే 16.4 దాకా వస్తుంది. 16.5 పట్టాల మధ్య 16.4 చక్రాలు నిటారు దారిలో ఎలాగో నడిచాయి. వంపు చివర్లో జాయింట్ దగ్గర గేజ్ కొలిస్తే 16.3 ఉంది. ఇక వెళ్లడానికి దారేది, పైకే.

ఆ జాయింట్ ఎవరిదంటే, ఇద్దరిదీ. నేను పట్టుకున్నా, తాత మేకు కొట్టాడు. వంపులో జాయింట్ వద్దని ఆయన అప్పుడే అన్నాడు, ట్రాక్ ముక్క సరిపోవట్లేదని నేనే వినలేదు.

సాయంత్రం కిందికి వెళ్లి తాతకి వీడియో చూపించా. ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని మూడుసార్లు చూశాడు. చక్రాల జత చేతిలో పెట్టి, "ఇది నేను బిగించిందే తాతా. నీ పాయింట్ మంచిగనే ఉన్నది. అట్ల అనకుండ ఉండాల్సింది" అన్నా. సారీ అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడరు, నాకూ నోరు తిరగలేదు.

తాత చక్రాల్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "పా, ఆ జాయింట్ జూద్దాం" అన్నాడు.

పైకొచ్చి కళ్లజోడు తీసేసి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని బొటనవేలి గోరుతో పట్టా వెంట జార్చుకుంటూ వచ్చి, జాయింట్ దగ్గర ఆగాడు. నేను ఫోన్, కాలిపర్ పెట్టి పట్టుకున్న చోటే. ఆకురాయి అడిగాడు, ఇచ్చా. మేకు నేను పీకా, పట్టాని ఆయన సర్ది పట్టుకున్నాడు, మళ్లీ నేను కొట్టా. కొలిస్తే 16.6.

ఆ రాత్రి రైలుని రెండు దిక్కుల్లోనూ యాభై రౌండ్లు తిప్పాం. ఒక్కసారి కూడా పడలేదు. ముప్పయ్యో రౌండ్ దగ్గర తాత కుర్చీలోనే నిద్రపోయాడు.

రెండో కంటి ఆపరేషన్ సంక్రాంతి తర్వాత. అప్పటిదాకా కాలిపర్ నా డ్యూటీ, గోరు ఆయన డ్యూటీ.